ఆకుకూరలోని మేలు మాత్రలో కలదా?

నీలి తొట్టినుండి నూలు చిలపను పైకెత్తినప్పుడు అది మొదట పసుపుపచ్చగా నుండి, గాలి తగులగానే ఆకుపచ్చయై, మనము చూచుచుండగానే నీలమగును. రంగుపని చేయువారందరు ఎరిగిన సంగతియే ఇది. గాలిలోని ప్రాణవాయువు రంగుపై పనిచేయుటయే దీనికి కారణము. శాస్త్రజ్ఞులు దీనిని ఆక్సీకరణమందురు. మూత వేయక వదలిన తొట్టిలో హైడ్రోస్ త్వరగా ఖర్చయిపోవుటయు, మరల వేయవలసివచ్చుటయు మనకు తెలియును. హైడ్రోస్ తాను ముందుగా ప్రాణవాయువుకు చిక్కి, తొట్టిలోని రంగును కాపాడుచున్నదన్నమాట.

మన దేహములోను ఇట్టి పని నిత్యము జరుగుచున్నది. తిన్న అన్నమునుండి శక్తిని తీయుటకు దేహము ప్రాణవాయువును వాడుకొనును. ఆ సందర్భమున మిక్కిలి చురుకైన కొన్ని కణికలు పుట్టి, సమీపముననున్న కొవ్వులను, మాంసకృత్తులను, జన్యుపదార్థమును దెబ్బతీయగలవు. వీనికి ఫ్రీ రాడికల్స్ అని పేరు. పొగాకు పొగ వీనిని మరింత పెంచును. వార్ధక్యమునకు ఇవి కారణమను సిద్ధాంతమును 1956లో డెన్హం హార్మన్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ప్రకటించెను.

వీనిని అదుపులో నుంచుటకు దేహమే కొన్ని ఎంజైములను తయారుచేసికొనును. అట్టివానిలో ముఖ్యమైన దానిని 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ అనువారు కనుగొనిరి. దీనికి తోడు ఆహారములోని సి విటమిను, ఇ విటమిను, పసుపు, నారింజరంగు కూరలలోను ఆకుకూరలలోను ఉండు బీటా కెరోటిన్ మొదలగునవి సాయపడును. వీనినే అంగళ్ళలో యాంటీ ఆక్సిడెంట్లు అనుచున్నారు. అయితే ఈ చురుకైన కణికలన్నియు శత్రువులే అనుకొనరాదు. రక్తములోని తెల్లకణములు రోగక్రిములను చంపుటకు వీనినే ఆయుధముగా వాడును.

ఇక అసలు సంగతికి వచ్చెదము. కూరలు, పండ్లు బాగుగా తినువారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తక్కువగా నున్నట్లు పలు పరిశీలనలలో తేలినది. ఆ మేలు బీటా కెరోటిన్ వలననే కలుగుచున్నదేమో యని పరీక్షింపదలచి, ఫిన్లండులో పొగత్రాగు 29,133 మంది పురుషులపై ఒక పెద్ద ప్రయోగము జరిపిరి. కొందరికి దినమునకు 20 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ మాత్ర నిచ్చిరి. 1994లో ఫలితములు వెలువడెను. మాత్ర తిన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు తగ్గలేదు సరికదా, నూటికి 18 వంతులు పెరిగినది! అమెరికాలో పొగత్రాగువారికి, ఆస్బెస్టాస్ పనివారికి బీటా కెరోటిన్‌ను ఎ విటమినుతో కలిపి ఇచ్చిన మరియొక ప్రయోగములో నూటికి 28 వంతులు పెరుగుటచే 1996లో దానిని నడుమనే ఆపివేసిరి. ఇ విటమిను మాత్రలు క్యాన్సరును, గుండెజబ్బును నివారించుననుటకును నిదర్శనము దొరకలేదు. ఈ రెండు వ్యాధుల నివారణకై బీటా కెరోటిన్, ఇ విటమిను మాత్రలు తినవలదని అమెరికా ప్రభుత్వ నిపుణుల సంఘము 2022లో సలహా ఇచ్చినది.

మరి కూరలవలన కలుగు మేలు మాత్రవలన ఏల కలుగలేదు? కూరలో ఒక్క బీటా కెరోటిన్ మాత్రమే లేదు. పీచు, లవణములు, ఇంకను పలు పదార్థములు కలిసియున్నవి. కూరలు తినువారు తరచుగా పొగయు తక్కువ త్రాగుదురు. ఒక్క పోగును లాగి చూచి చీర గట్టితనమును చెప్పజాలము గదా!

షోలాపురములోని మన యిండ్లలో మగవారు మగ్గముల పనికి పోవుటయు, ఆడువారు బీడీలు చుట్టుటయు తరములనుండి వచ్చుచున్నది. బీడీ మన యింటి వస్తువైనది. “దినమునకొక మాత్ర వేసికొనుచున్నాము, బీడీ త్రాగినను భయము లేదు” అను మాట మన వారి నోట వినుచున్నాము. పై రెండు ప్రయోగములలో అధిక హాని పొందినది పొగత్రాగువారే యని వారు గుర్తింపవలెను. బీడీకి విరుగుడు మాత్ర కాదు, బీడీని మానుటయే.

వారపు కూలిలోనుండి మాత్రల సీసాకు పెట్టు సొమ్మును కూరలకు పెట్టుట మేలు. బంగాళాదుంప వంటి దుంపలు గాక, కూరలు, పండ్లు కలిపి దినమునకు 400 గ్రాములకు తగ్గరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. పురుషునకు దినమునకు 80 మిల్లీగ్రాముల సి విటమిను చాలును. నూరు గ్రాముల జామపండులో 200 మిల్లీగ్రాములకు పైగా నున్నది. ఉసిరికాయలోను సమృద్ధిగా కలదు. పెరటి మునగాకు ఏ టానిక్కునకును తీసిపోదు. ఆకుకూరను కడిగిన పిమ్మటనే తరుగవలెను. మూతపెట్టి కొద్దిసేపు ఉడికించి, ఆ నీటిని పారబోయక పప్పులోనో చారులోనో కలుపవలెను. కొంచెము నూనె తగిలించినచో బీటా కెరోటిన్ ఒంటికి బాగుగా పట్టును.

ఒక్క హెచ్చరిక. గర్భిణీ స్త్రీలకు ఇచ్చు ఇనుము, ఫోలిక్ ఆమ్లపు మాత్రలు, వైద్యుడు జబ్బు చూచి వ్రాసిన మందులు వేరు. వానిని మానరాదు. మేము చెప్పునది ఎవరును వ్రాయకయే, ప్రకటనలు చూచి కొను సీసాలను గూర్చి మాత్రమే. ఈ వారము కూలి చేతికి వచ్చినప్పుడు మన సభ్యులు ఈ సంగతిని ఇంటిల్లిపాదితోను ముచ్చటింతురు గాక.