ఉపవాసం నాడు షుగర్ మాత్ర

ప్రశ్న: మా అమ్మకు 68 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది. పొద్దున టిఫిన్‌కు ముందు గ్లిమిపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర వేసుకుంటుంది. మొన్న కార్తీక సోమవారం ఉపవాసం ఉండి కూడా మాత్ర మానలేదు. సాయంత్రం నాలుగింటికి ఒళ్లంతా చెమటలు, మాట తడబడింది. పంచదార నీళ్లు తాగిస్తే తేరుకుంది. ఉపవాసం నీరసమేనని, వచ్చే సోమవారం కూడా చుక్కలు చూసేదాకా ఉంటానని అంటోంది. మాత్ర సగం విరిచి వేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీరు చెప్పిన లక్షణాలు చూస్తే అది ఉత్త నీరసంలా లేదమ్మా. షుగర్ బాగా పడిపోయి ఉంటుంది. పంచదార నీళ్లు ఇచ్చి మంచి పని చేశారు.

గ్లిమిపిరైడ్ క్లోమగ్రంథి చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మనిషి అన్నం తిన్నదా, పస్తున్నదా అన్నది దానికి తెలియదు. పొద్దున వేసుకుంటే దాదాపు 24 గంటలు పనిచేస్తుంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ ఇంతలా పడిపోవడం అరుదు. మీ అమ్మగారి మాత్రలో రెండూ ఉన్నాయి కాబట్టి సగం విరిచినా గ్లిమిపిరైడ్ లోపలికి పోతుంది. ఆ పని చేయకండి. అలాగని డాక్టరుకు చెప్పకుండా మాత్ర మానేయనూ వద్దు.

ఒకసారి ఇలా జరిగాక, ఈ వయసులో రోజంతా కటిక ఉపవాసం వద్దనే నా మాట. దీపం పెట్టుకోనివ్వండి, గుడికి వెళ్లనివ్వండి, వేళకు తినిపించండి. మామూలు రోజుల్లోనూ మాత్ర వేసుకుని పూజలో కూర్చుని టిఫిన్ పదింటికి తినే అలవాటు చాలా ఇళ్లలో ఉంది. అదీ ప్రమాదమే. ఒక పూట మాత్ర మరిచిపోతే మర్నాడు రెండు వేయకూడదు.

మళ్లీ చెమటలు, వణుకు, తికమక కనిపిస్తే వేలు గుచ్చి చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించండి. మిషను దగ్గర లేకపోతే చూడటం కోసం ఆగకండి. పాలకోవా, చాక్లెట్ వద్దు, వాటిలోని కొవ్వు వల్ల చక్కెర ఆలస్యంగా ఒంటబడుతుంది. 15 నిమిషాలకు మళ్లీ చూసి, ఇంకా తక్కువుంటే మళ్లీ ఇవ్వండి. తేరుకోగానే అన్నమో ఇడ్లీయో పెట్టండి. మాత్ర ఇంకా పనిచేస్తూనే ఉంటుంది కాబట్టి రాత్రికి మళ్లీ పడిపోవచ్చు, పక్కనే పడుకోండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

బీపీకి అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటివి వాడుతుంటే గుండెదడ, వణుకు బయటపడవు. చెమట మాత్రం పడుతుంది, దాన్ని కనిపెట్టి ఉండండి.

సోమవారం లోపే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మూత్రపిండాలు మందగిస్తే గ్లిమిపిరైడ్ ప్రభావం ఎక్కువసేపు నిలుస్తుంది. అందుకే క్రియాటినిన్ పరీక్ష గురించి అడగండి. ఆ రోజు మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో, చెమటలు ఎన్నింటికి పట్టాయో కాగితం మీద రాసుకుని వెళ్లండి.