కషాయంలో ఏది పనిచేసింది?

జలుబు చేస్తే ఇంట్లో కషాయం కాస్తారు. (నాన్నవైపు కన్నడం కాబట్టి మా ఇంట్లో అది ‘కషాయ’.) శొంఠి, మిరియాలు, తులసి, బెల్లం. నాలుగు రోజులకి జలుబు తగ్గుతుంది. ఏ దినుసు తగ్గించింది? ఏ అమ్మా చెప్పలేదు, విడివిడిగా ఇచ్చి ఎవరు చూశారు గనక! దానంతటదే తగ్గిందేమో కూడా.

ప్రవర్తన మార్చే చికిత్సలూ ఇలాంటి కషాయాలే. గోళ్ళు కొరకడం, టిక్స్ (అంటే తెలియకుండానే కండరాలు అదరడం) లాంటి అలవాట్లకి 1973లో ఎజ్రిన్, నన్ అనేవాళ్ళు ‘హ్యాబిట్ రివర్సల్’ ప్రకటించారు. అలవాటు వస్తున్నప్పుడు గమనించుకోవడం, దానికి బదులు ఇంకో కదలిక చేయడం, ఇంట్లోవాళ్ళ ప్రోత్సాహం... ఇలా చాలా భాగాలు. 1985లో మిల్టెన్‌బర్గర్ బృందం టిక్స్‌కి మొదటి రెండే ఇచ్చి చూస్తే, అవే సరిపోయాయి. ఇలా ఏ భాగం వల్ల ఎంత ఫలితమో తేల్చడమే కాంపోనెంట్ ఎనాలిసిస్.

దీనికి వందలమంది అక్కర్లేదు. ఒక్క పిల్లనే తీసుకుని, ఏ చికిత్సా లేకుండా కొన్నాళ్ళు లెక్క రాస్తారు. తర్వాత ఒక్కో భాగం చేరుస్తూ గ్రాఫ్ గీస్తారు. తనకి తనతోనే పోలిక. లేదా మొత్తం ప్యాకేజీ ఇచ్చి ఒక్కోటీ తీసేస్తారు. ఈ తీసివేతలోనే చిక్కుంది. ఈత వచ్చేశాక ట్యూబ్ తీసేస్తే ఎవరూ మునగరు కదా, అంతమాత్రాన నేర్చుకునేటప్పుడు ట్యూబ్ వద్దనగలమా? చేర్చడంలోనూ పేచీ ఉంది: మూడోది పనిచేస్తే అది దాని గొప్పేనా, ముందు రెండూ వేసిన పునాదా? అందుకే ఇంకో పిల్లకి వరస మార్చి చూడాలి.

ఇదంతా ఎందుకూ అంటే, ఇక్కడ బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ షిఫ్ట్ చేసొచ్చే తల్లిని ఊహించండి. పిల్లకోసం రోజూ ఐదు పనులు చేయమంటే ఎన్నాళ్ళు చేస్తుంది? రెండే చాలని తెలిస్తే ఆ రెండూ చేస్తుంది. సికిందరాబాద్‌లో 1984లో పెట్టిన జాతీయ సంస్థ నుంచి పెషావరియా, వెంకటేశన్ 1992లో టీచర్ల కోసం ప్రవర్తనా పద్ధతుల మాన్యువల్ తెచ్చారు. అలాంటివి క్లాసులో వాడే టీచరుకీ ఇదే లెక్క.

అయితే తొందరపడి కత్తిరించకూడదు. 1996లో ఉడ్స్, మిల్టెన్‌బర్గర్, లమ్లీ టిక్స్ ఉన్న నలుగురు పిల్లలకి భాగాలు వరసగా చేర్చి చూశారు. ఒకరికి గమనింపు ఒక్కటే చాలింది. ఇంకొకరికి దానితోపాటు స్వయంగా లెక్క రాసుకోవడం కూడా కావాల్సొచ్చింది. మిగిలిన ఇద్దరికీ గమనింపు, ప్రోత్సాహం, బదులు కదలిక మూడూ కలిస్తేగానీ తగ్గలేదు. మొదటి పిల్లని చూసి ప్యాకేజీ కుదించేసి ఉంటే, ఈ ఇద్దరికీ టిక్స్ అలాగే ఉండిపోయేవి.