బండిలో గడియారం, ఆస్పత్రిలో గడియారం



అంబులెన్సులోను, జీపులోను ఉండే గడియారం సెల్ సిగ్నల్ లేని చోట ఏమవుతుంది, అది తప్పు చూపిస్తే రోగి వైద్యానికి ఎక్కడ అడ్డుపడుతుంది అనేది ఈ నెల పాఠం. నర్సమ్మకు గడియారాల గొడవ ఎందుకని మీలో కొందరు అనుకోవచ్చు. పక్షవాతం రోగిని స్ట్రెచర్ మీద దింపగానే మేము అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని గంటలకు మొదలైంది?" అన్నదే. కనుక ఇది మా గొడవే, మీ గొడవ కూడాను.

మెదడులో రక్తనాళం మూసుకుపోయి వచ్చిన పక్షవాతానికి గడ్డను కరిగించే ఇంజక్షన్ ఉన్నది. రోగి బాగా ఉండగా చివరిసారి చూసిన సమయం నుండి నాలుగున్నర గంటల లోపే దానిని ఇస్తారు. నిద్రలో వచ్చిందని తెలిస్తే, లేచిన సమయం కాదు, పడుకున్న సమయం నుండి లెక్క. ఇప్పుడు ఒక ఇంటిని ఊహించుకోండి. బడి బస్సు తప్పిపోకుండా గోడ గడియారాన్ని 15 నిమిషాలు ముందుకు పెట్టుకున్నారు (ఈ అలవాటు మనలో చాలా ఇళ్లలో ఉన్నదే). తాతగారు 6 గంటలకు బాగానే ఉన్నారని ఆ గడియారం చూసి చెప్పారు. అసలు సమయం 5:45. ఆస్పత్రివారు 10:30 వరకు గడువున్నదని లెక్క వేసుకుంటారు, కాని నిజమైన గడువు 10:15కే అయిపోయింది. గడువు దాటిన తరువాత ఆ ఇంజక్షన్ ఇస్తే మేలు తగ్గుతుంది, మెదడులో రక్తస్రావం భయం ఎక్కువవుతుంది. గడియారం వెనుకబడి ఉంటే దీనికి తలకిందులుగా జరిగి, ఇవ్వదగిన రోగికి కూడా ఇవ్వకుండా పోవచ్చును.

ఇక బండి విషయానికి వద్దాము. బండిలోని గడియారానికి సమయం మూడు దారులలో వస్తుంది. పాత బండ్లలో డ్రైవరు బటను నొక్కి పెట్టినదే సమయం. కొన్నింటిలో సిమ్ కార్డు ఉండి సెల్ టవరు నుండి లేదా ఇంటర్నెట్ నుండి సమయం తీసుకుంటుంది. మరికొన్ని జీపీఎస్ ద్వారా ఆకాశంలోని ఉపగ్రహాల నుండి తీసుకుంటాయి. ఈ ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ, తమలోని పరమాణు గడియారాల సమయాన్ని ఎడతెగకుండా పంపుతూనే ఉంటాయి. దీనికి డేటా అక్కరలేదు, రీచార్జి అక్కరలేదు. కావలసిందల్లా తెరిచి ఉన్న ఆకాశం. పాడేరు ఘాట్‌లో ఫోను మూగబోయినా జీపీఎస్ పనిచేయడానికి కారణం ఇదే. సొరంగంలో, రేకుల షెడ్డు కింద మాత్రం అదీ అందదు.

సిగ్నల్ పోగానే గడియారం ఆగిపోతుందని కొందరికి భయం. ఆగదు. లోపల క్వార్ట్జ్ అనే చిన్న స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తూ కాలాన్ని లెక్కపెడుతూనే ఉంటుంది. మామూలు క్వార్ట్జ్ గడియారం రోజుకు ఒకటి రెండు సెకన్లు అటూ ఇటూ తప్పుతుంది. మే నెల ఎండలో నిలిపిన బండిలో ఇంకొంచెం ఎక్కువగా వెనుకబడుతుంది. అనగా కొండదారిలో రెండు గంటలు సిగ్నల్ లేకపోయినంత మాత్రాన వచ్చే తేడా సెకనులో చిన్న భాగమే. దానివల్ల ఏ రోగికీ నష్టం లేదు.

నష్టం వేరే చోట ఉన్నది. నెలల తరబడి ఎవరూ చూడని గడియారం నెలకు దాదాపు నిమిషం చొప్పున జారుకుంటూ పోతుంది. మెకానిక్ బ్యాటరీ తీసి మళ్లీ పెడితే చాలా బండ్లలో గడియారం మొదటికి వస్తుంది, సిగ్నల్ లేని ఊరిలో దానిని సరిచేసే దిక్కుండదు. పరికరాన్ని మన దేశపు సమయానికి అమర్చకపోతే అయిదున్నర గంటల తేడా వచ్చి, ఉదయం 10 గంటలు కాస్తా తెల్లవారుజాము 4:30గా నమోదవుతుంది. పెద్ద కంపెనీల బండ్లు కూడా దీనికి అతీతం కాదు. 2022 జనవరిలో విదేశాలలో అనేక పాత హోండా కార్ల గడియారాలు ఉన్నట్టుండి 2002కి వెళ్లిపోయాయి, ఆగస్టుకు గాని సర్దుకోవని కంపెనీవారు చెప్పారు. ఉపగ్రహం ఉన్నది కదా అని గుడ్డిగా నమ్మరాదన్నమాట.

మరొక చిక్కు. బండిలోని పరికరం సిగ్నల్ లేనప్పుడు వివరాలను దాచుకొని, టవరు అందగానే ఒక్కసారిగా పంపుతుంది. ప్రతి వివరం మీద అది జరిగిన సమయం ఉంటే ఇబ్బంది లేదు. కంప్యూటరు తనకు అందిన సమయాన్ని వేసుకుంటే మాత్రం, దారిలో గంట క్రితం చేసినదంతా ఆస్పత్రి గేటు దగ్గర చేసినట్టు కనపడుతుంది.

ఇది ఎంత ప్రమాదమో గుర్రపువాతం వచ్చిన గర్భిణి విషయంలో చూడండి. ఫిట్స్ ఆపడానికి మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షన్ దారిలోనే మొదలుపెడతారు. కండకు వేసే పద్ధతిలో తరువాతి మోతాదు 4 గంటలకు. మొదటిది ఎప్పుడు పడిందో సరిగా తెలియకపోతే, తొందరపడి వేస్తే శ్వాస మందగించవచ్చు, ఆలస్యం చేస్తే ఫిట్స్ మళ్లీ రావచ్చు. బండి గడియారం 9:40కి ఇచ్చామంటుంది, వార్డు గడియారమేమో తల్లి 9:35కే లోపలికి వచ్చిందంటుంది. ఏది నమ్మాలి?

దీనికి డేటా అవసరం లేని మందు ఒకటి ఉన్నది. రోగిని అప్పగించేటప్పుడు రెండు గడియారాలనూ పక్కపక్కన రాయడం.

"తమ్ముడూ, నీ బండిలో టైమెంత?"

"9:52 అండి సిస్టరమ్మా."

"మా గోడ మీద 9:47. కేస్ షీటు పైన రెండూ రాసి సంతకం పెట్టు."

తేడా 5 నిమిషాలని తేలిపోయింది. దారిలో రాసిన ప్రతి సమయంలోనూ 5 తీసివేస్తే సరి, 9:40 అన్న ఇంజక్షన్ నిజానికి 9:35కి, గేటు ముందు పడినదని తెలుస్తుంది. ప్రయాణం మధ్యలో మాత్రం గడియారాన్ని తిప్పకూడదు. తిప్పితే ముందు రాసినది ఒక లెక్క, తరువాత రాసినది ఒక లెక్క అయిపోయి, ఏది ముందు జరిగిందో ఎవరూ చెప్పలేరు. సరిచేయడం డ్యూటీ మొదట్లో, బండి బయలుదేరక ముందు చేయవలసిన పని. ఆ సమయంలోనే బండి గడియారం, గుండె మానిటరు గడియారం, ఫోను మూడింటినీ సరిచూసుకోవాలి. మానిటరును అందరూ మరచిపోతారు, ఈసీజీ కాగితం మీద అచ్చయ్యేది దాని సమయమే.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 108 బండ్లు 2005 ఆగస్టు 15న మొదలైనా, నేటికీ ఆటోలో, సొంత జీపులో వచ్చే రోగులు ఉన్నారు. మీకు నా మాట ఇది. ఇంటి గోడ గడియారం, అన్నయ్య చేతి వాచీ, జీపులో గడియారం కలిపి చెప్పవద్దు. ఒక్కరి ఫోను పట్టుకొని, మొదటి నుండి చివరి వరకు దాని సమయమే చెప్పండి. టవరు లేకపోయినా ఆ ఫోను గడియారం నడుస్తూనే ఉంటుంది. పాము కరిచినప్పుడు కూడా అంతే, కట్టు బిగించడం మాని, కరిచిన సమయం, వాపు ఎంతవరకు ఎప్పుడు వచ్చిందీ పెన్నుతో చర్మం మీదే గీత గీసి రాయండి. ఆస్పత్రిలో రక్తం గడ్డకట్టే పరీక్షకు గాజు గొట్టాన్ని సరిగ్గా 20 నిమిషాలు కదపకుండా ఉంచుతాము. ఆ 20 నిమిషాలు మా గోడ గడియారం చూసుకుంటుంది, అంతకు ముందు గడిచిన కాలం మీ ఫోనే చెప్పాలి.

గోడ గడియారాన్ని ముందుకు పెట్టుకునే ఇళ్లవారు ఎన్ని నిమిషాలు ముందున్నదో ఒక చీటీ మీద రాసి దాని కిందే అంటించండి. ఇంట్లో పెద్దవారికి ఆ సంగతి గుర్తున్నా, అర్ధరాత్రి కంగారులో సమయం చెప్పేది పక్కింటి పిల్లవాడు కావచ్చును.