విమానశాలలో తెలిసివచ్చిన గీతార్థం

భగవద్గీత రెండవ అధ్యాయంలోని 62, 63 శ్లోకాలను పారాయణ సమయాలలో మనం అనేకమారులు వింటూంటాము. విషయచింతన వలన ఆసక్తి, ఆసక్తి వలన కోరిక, కోరిక వలన క్రోధం, క్రోధం వలన సమ్మోహం, ఆపై స్మృతి చెదరడం, దానివలన బుద్ధినాశం అని భగవానుడు మెట్టు మెట్టుగా చూపాడు. వీటిలో స్మృతి చెదరడమనే మెట్టు నాకు చాలాకాలం అర్థం కాలేదు. కోపంలో మనిషి చెడ్డపని చేస్తాడన్నది అందరికీ తెలిసినదే. బాగుగా వచ్చిన పనిని సైతం మరచిపోతాడన్నది విమానాల హ్యాంగరులో నాకు తెలిసివచ్చింది.

నేను విమాన నిర్వహణ ఇంజనీరుగా పనిచేసి విరమించినవాడను. మా వృత్తిలో సంతకమే ప్రమాణం. లైసెన్సు గల ఇంజనీరు సంతకం లేనిదే మరమ్మతు చేసిన విమానం ఎగరరాదు.

ఒకనాటి రాత్రి, ఆస్తి పంపకం విషయమై అన్నగారితో మాటా మాటా పెరిగిన పిమ్మట డ్యూటీకి వచ్చాను. ఇంజనులో ఇంధన గొట్టపు నట్టును బిగించి, టార్కు పానాతో బిగువు సరిచూశాను. నట్టు వదులు కాకుండా సన్నని ఉక్కుతీగను మెలిపెట్టి కట్టాలి. దానిని లాకింగ్ వైరు అంటాము. వేలసార్లు కట్టిన తీగ అది. సంతకానికి కలం తీస్తుండగా సహాయకుడైన యువకుడు, "సార్, లాకింగ్ వైరు వేశారా?" అని మెల్లగా అడిగాడు.

"నీవా నాకు నేర్పేది?" అన్నాను. అతడు వెనుకకు తగ్గాడు. అతని మాట తప్పని నిరూపించడానికే టార్చి తీసుకొని వెళ్లాను. వినయంతో వెళ్లానని చెప్పలేను. అక్కడ తీగ లేదు.

ఇంగ్లండులో జరిగిన ఒక సంఘటన ఇటువంటిదే. 1990 జూన్ 10న బర్మింగ్‌హామ్ నుండి స్పెయిన్‌లోని మలగాకు బయలుదేరిన బ్రిటిష్ ఎయిర్‌వేస్ విమానం 17,000 అడుగులు దాటగానే పైలటు ముందున్న అద్దం ఊడిపోయింది. గాలివేగానికి కెప్టెన్ నడుము వరకు బయటకు లాగబడ్డాడు. సిబ్బంది ఆయన కాళ్లు పట్టుకొని నిలువగా, సహపైలటు సౌతాంప్టన్‌లో విమానాన్ని దించాడు. కెప్టెన్‌తో సహా అందరూ బ్రతికారు. అంతకుముందు రాత్రి వేళ మార్చిన ఆ అద్దానికి బిగించిన 90 బోల్టులలో 84 కొలతకు సన్ననివి. తక్కిన ఆరు పొడవు చాలనివి. స్టోరు కీపరు సరైన నంబరు చెప్పినా, పాత బోల్టును పక్కన పెట్టి కంటిచూపుతోనే పోల్చి ఎంచుకున్నాడు ఆ రాత్రి పని చూసిన అధికారి. ఆయన అనుభవశాలి. కేవలం అజాగ్రత్త అని నేను అనను. తక్కువ మంది ఉన్న రాత్రివేళ, తెల్లవారేలోగా ముగించాలన్న ఆతురత, తన చూపుమీద తనకున్న నమ్మకం, పుస్తకం తెరచి చూసే అవసరాన్ని కనబడనీయలేదని నా అభిప్రాయం.

ఇటువంటి తప్పులకు దారితీసే కారణాలను 1993లో కెనడాకు చెందిన గార్డన్ డుపాంట్ పన్నెండుగా లెక్కించాడు. అలసట, ఒత్తిడి, అతివిశ్వాసం, ధైర్యంగా చెప్పలేకపోవడం వాటిలోనివి. నేటికీ హ్యాంగరు గోడలపై ఆ పట్టిక కనబడుతుంది. కోపమనే పేరు అందులో విడిగా లేదు. నా అనుభవంలో అది ఇతర కారణాల వెనుక దాగి ఉంటుంది.

మరల నా కథకు వస్తాను. తీగ కట్టి, సంతకం చేశాను. విమానం క్షేమంగా వెళ్లింది. అయితే జరిగినది పై అధికారికి చెప్పలేదు. కోపం గంటలో చల్లారింది. సిగ్గు మాత్రం నెలల తరబడి నిలిచి నా నోరు కట్టివేసింది. అంతకంటె పెద్ద నష్టం మరొకటి జరిగింది. ఆ యువకుడు నన్ను ప్రశ్నలు అడగడం మానివేశాడు. చెప్పిన పని చేసి మౌనంగా నిలుచునేవాడు. రెండవ జత కళ్లను నా చేతులతో నేనే మూసివేశానని గ్రహించడానికి అరసంవత్సరం పట్టింది.

ఒక సాయంత్రం షిఫ్టు అప్పగించుకునే వేళ, అందరి ఎదుట ఆ రాత్రి సంగతి చెప్పి, అతనికి క్షమాపణ చెప్పుకున్నాను. ఎవరూ ఏమీ అనలేదు. అతడు తల దించుకున్నాడు.

వారం తరువాత, నేను కలం తీస్తుండగా, "సార్, ఎడమ ఇంజను కవరు స్క్రూలు ఇంకొకమారు లెక్కిద్దామా?" అన్నాడు. ఇద్దరమూ టార్చి పట్టుకొని లెక్కించాము. అన్నీ ఉన్నాయి.