సి.డి. ప్లేయరు నాదము - చౌక ఉపకరణముల విలువ

గజళ్ళు, ఖవాలీలు, త్యాగరాజ కీర్తనలు గల సి.డి.లు నేటికిని పెక్కు గృహములలో భద్రముగా నున్నవి. పాటలను ఫోనులో వినువారే యిప్పుడు అధికులైనను, ఆ డిస్కులను విడువలేని విద్యార్థులును కొందరు గలరు. స్వల్పవ్యయముతో ప్లేయరు నాదమును మెరుగుపరచు సాధనము లెవ్వియని వారు మమ్ము అడుగుచుందురు. ఇందు విద్యార్థుల చేతి సొమ్ము ఇమిడి యున్నందున కొంత వివరింపదలచితిమి.

ముందుగా యంత్రము పనిచేయు విధమును గ్రహింపవలెను. ఫిలిప్స్, సోనీ సంస్థలు కలసి రూపొందించిన ఈ డిస్కు 1982లో విపణికి వచ్చినది. శబ్దమును సెకనుకు 44,100 పర్యాయములు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్ల సంఖ్యగా దానియందు నిక్షిప్తము చేసెదరు. లేజరు కిరణము ఆ సంఖ్యలను చదువును. చిన్న గీతవలన కొన్ని అంకెలు చెడినను, 1960లో రీడ్, సాలమన్ అను వారు ప్రతిపాదించిన గణిత సంకేతముల సాయముతో యంత్రము వానిని తిరిగి లెక్కగట్టుకొనును. సరిగా చదివిన సంఖ్యను అంతకంటె ‘తీయగా’ చదువుట యనునది లేదు.

1990 ప్రాంతమున పాశ్చాత్య దేశములలో డిస్కు అంచునకు పచ్చసిరా పూయు వేడుక బయలుదేరినది. చెదరిన లేజరు కాంతిని ఆ రంగు పీల్చివేయునని వాదము. కాని ఆ కాంతి తరంగదైర్ఘ్యము సుమారు 780 నానోమీటర్లు. అది పరారుణ కాంతి. కంటికి పచ్చనైన సిరా దానిని పీల్చునను నియమము లేదు. పీల్చినను సంఖ్యలు మారవు! డిస్కుపై పరచు మ్యాట్లు మోటారుకు అదనపు భారము మాత్రమే. ప్లేయరు క్రింది రబ్బరు కాళ్ళు, బల్ల అదురుటచే పాట ఎగిరిపోవుచున్నచో ఉపకరించును.

నిజముగా ఫలించునవి ఇంతకంటె చౌక. డిస్కును మెత్తని గుడ్డతో నడుమనుండి అంచునకు తిన్నగా తుడువవలెను. గుండ్రముగా తుడిచినచో పడు గీత ట్రాకు వెంబడి పొడవుగా సాగి, వరుసగా అనేక అంకెలను చెరచును. పలువురు మెరయు వైపును కాపాడి, పేరున్న వైపున బాల్‌పెన్నుతో వ్రాయుదురు. అల్యూమినియం పొర ఆ వైపుననే, పలుచని లక్క పూతక్రింద నుండును. తీగల కొనలు వదులైనను, మకిల పట్టినను గరగర శబ్దము వచ్చును. వానిని తుడిచి బిగింపవలెను. స్పీకర్లను గది మూలనుండి ఇవతలికి జరిపి, చెవి ఎత్తున నిలిపినచో కలుగు మార్పు ఏ ఖరీదైన తీగవలనను కలుగదు.

తీగ మార్చినంతనే నాదము మారినదనువారు ఒక పరీక్ష చేయవచ్చును. ధ్వని స్థాయి రెండు తీగలకును సమముగా నుండవలెను. కించిత్ హెచ్చైనది చెవికి మేలైనదిగా తోచును. మిత్రుడు చాటున నాణెము ఎగురవేసి పాత తీగనో క్రొత్త తీగనో తగిలింపగా, వినువారు ఏదియో చెప్పవలెను. ఇట్లు పది పర్యాయములు చేయవలెను. ఏమియు వినబడక కేవలము ఊహించువారికిని తొమ్మిదిగాని పదిగాని సరియగుట 1,024లో 11 మార్లే. ఏడు సరియైనవని మాత్రము తొందరపడి డబ్బు చెల్లింపరాదు: ఏడుగాని అంతకు మించిగాని సరియగుట ఊహతోనే 1,024లో 176 మార్లు సంభవించును.