దూరపు కొండలు నునుపు

ఈ పాఠంలో మీరు నేర్చుకునేవి

• నేల, వాలు, మంచు గురించి తెలుగులో వివరంగా చెప్పడం
• పార్కు దాటి, కొండ మీద స్కీబోర్డులతో ఎలా దిగాలో తెలుసుకోవడం
• "నాకు భయంగా ఉంది" అనే మాటని సరైన సమయంలో, సరైన తెలుగులో చెప్పడం

పాఠం చదివే ముందు

ఇంట్లో వాళ్ళతో మాట్లాడండి.
1. మీరు మొట్టమొదట మంచు కురవడం ఎక్కడ చూశారు?
2. మీ అమ్మానాన్నలు, అమ్మమ్మ, తాతయ్య ఎక్కడ చూశారు? అప్పుడు వాళ్ళ వయసెంత?

చదవండి

1. ఒక సామెత, ఒక కొండ

"దూరపు కొండలు నునుపు" అని తెలుగులో ఒక సామెత ఉంది. దూరం నుంచి చూస్తే కొండ నున్నగా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తేనే రాళ్ళు, ముళ్ళు, గోతులు తెలుస్తాయి. పెద్దవాళ్ళు ఈ మాటని ఉద్యోగాల గురించి, పరాయి ఊళ్ళ గురించి, మనుషుల గురించి వాడతారు. ఈ పాఠంలో మనం మాత్రం నిజం కొండ గురించే వాడుకుందాం.

ఐసెలిన్ దాదాపు చదునైన ఊరు. ఓక్ ట్రీ రోడ్డు మీద దుకాణాలన్నీ తిరిగినా ఆయాసం రాదు. మంచుకొండ కావాలంటే న్యూజెర్సీ వాయవ్య మూలకి వెళ్ళాలి. అక్కడ వెర్నన్‌లో మౌంటెన్ క్రీక్ ఉంది. ఐసెలిన్ నుంచి కారులో గంటకు పైగా ప్రయాణం. ఆ కొండ పైనుంచి కిందికి దిగుడు సుమారు 1,000 అడుగులు. కారు దిగి చూస్తే కొండ మీద తెల్లటి దుప్పటి పరిచినట్టు ఉంటుంది. దుప్పటి కింద ఏముందో చూడటమే ఈ పాఠం.

2. పొట్టి పలకలు

స్కీబోర్డులంటే పొట్టి స్కీలు. కాలికి ఒకటి చొప్పున రెండుంటాయి. పొడవు సుమారు ఒక మీటరు. చేతికర్రలు అక్కర్లేదు. 1990లలో ఇవి బాగా పేరు తెచ్చుకున్నాయి. 1998 నుంచి 2000 దాకా వింటర్ ఎక్స్ గేమ్స్‌లో స్కీబోర్డు పోటీలు కూడా జరిగాయి.

పొట్టిగా ఉండటం వల్ల ఒక లాభం, ఒక ఇబ్బంది. ఇవి చటుక్కున తిరుగుతాయి. మోకాళ్ళు కొంచెం పక్కకి వంచితే చాలు. అది లాభం. పొడవాటి స్కీ చిన్న చిన్న గతుకుల మీదుగా వంతెనలాగా దాటిపోతుంది. పొట్టి పలక అలా దాటలేదు. ప్రతి గతుకూ మీ పాదానికి తెలుస్తుంది. ఇది ఇబ్బంది. ముందుకి ఎక్కువగా వాలితే బోర్లా పడతారు. వెనక్కి వాలితే పలకలు ముందుకి జారిపోయి వెల్లకిలా పడతారు. అందుకే బరువు పాదం మధ్యలో ఉండాలి. మోకాళ్ళు కొద్దిగా వంగి ఉండాలి. చేతులు మీ కళ్ళకి కనిపించేలా ముందు ఉండాలి.

రెండు జాగ్రత్తలు. మామూలు స్కీల బైండింగులు పడినప్పుడు కాలి నుంచి విడిపోతాయి. చాలా స్కీబోర్డుల బైండింగులు విడిపోవు. పలక ఎక్కడైనా ఇరుక్కుంటే కాలు మెలి తిరుగుతుంది, మోకాలి కింది ఎముక విరగవచ్చు. అద్దెకి తీసుకునేటప్పుడు "ఇవి విడిపోయే రకమేనా?" అని పెద్దవాళ్ళ చేత అడిగించండి. ఇక రెండోది హెల్మెట్. 18 ఏళ్ళ లోపు పిల్లలు స్కీ కొండ మీద హెల్మెట్ పెట్టుకోవాలని న్యూజెర్సీలో 2011 నుంచి చట్టమే ఉంది.

3. పార్కు లోపల, పార్కు బయట

స్కీ కొండల మీద "పార్కు" అంటే దూకడానికి, ఇనుప కమ్మీల మీద జారడానికి మనుషులు తీర్చిదిద్దిన చోటు. స్కీబోర్డులు వేసుకున్న పిల్లలు ఎక్కువగా అక్కడే ఉండిపోతారు. పార్కులో ప్రతి మిట్టనీ ఒకరు కొలిచి కట్టారు. నిన్న ఎక్కడుందో ఇవాళా అక్కడే ఉంటుంది.

ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లోని అమెరికన్ డ్రీమ్ మాల్‌లో బిగ్ స్నో ఉంది కదా, అక్కడ కూడా అంతే. 2019 డిసెంబరులో తెరిచారు. అది ఉత్తర అమెరికాలో మొదటి ఇండోర్ స్కీ వాలు. లోపల ఎప్పుడూ సుమారు 28 డిగ్రీల ఫారెన్‌హీట్ చలి. ఎండ లేదు, గాలి లేదు, వాన లేదు. మొదటి మలుపులు, మొదటిసారి ఆగడం నేర్చుకోవడానికి అది మంచి బడి.

బయట కొండ అలా కాదు. రాత్రి యంత్రాలు దువ్వెనతో దువ్వినట్టు మంచుని సాపు చేస్తాయి. మధ్యాహ్నానికి వందల మంది తిరిగి తిరిగి దాన్ని గుట్టలు గుట్టలుగా చేస్తారు. ఎండ తగిలిన చోట కరుగుతుంది. నీడ పడిన చోట గట్టిపడుతుంది. పొద్దున మీరు దిగిన దారీ సాయంత్రం మీరు దిగే దారీ పేరుకే ఒకటి.

ఒక మాట గుర్తుంచుకోండి. "పార్కు బయట" అంటే తాడు కట్టి మూసిన చోటు కాదు. తాడు ఉందంటే దాని అవతలకి వెళ్ళకూడదు. ఎంత బాగా వచ్చినవారైనా సరే.

4. నీళ్ళు ఎటు పారతాయి?

కొత్త వాలు దగ్గరికి వెళ్ళగానే ఇలా ఊహించండి. ఇక్కడ ఒక చెంబుడు నీళ్ళు పోస్తే ఎటు పారతాయి? అదే ఆ వాలులో నిలువు దారి. పలకలు ఆ దారిలో పెడితే వేగం పెరుగుతుంది. దానికి అడ్డంగా పెడితే వేగం తగ్గుతుంది. అడ్డంగా నిలబడి, కొండ వైపు ఉన్న అంచుల మీద బరువు వేస్తే ఆగుతారు.

మన రైతులకి ఇది ఎప్పటినుంచో తెలుసు. వాలుగా ఉన్న పొలాన్ని వాలుకి అడ్డంగా దున్నుతారు. అలా దున్నితే వాననీళ్ళు పరుగెత్తవు, మట్టి కొట్టుకుపోదు. తిరుమల వెళ్ళినప్పుడు ఘాట్ రోడ్డు చూశారా? బస్సు కొండని నిలువుగా ఎక్కదు. వంపులు వంపులుగా, అడ్డంగా తిరుగుతూ ఎక్కుతుంది. మీరూ అలాగే దిగాలి. ఏటవాలు ఎంత ఎక్కువైతే మీ వంపులు అంత వెడల్పుగా ఉండాలి.

5. మంచుని వంటింటి మాటల్లో చెబుదాం

తెలుగు నేల మీద మంచు కురవదు. చలికాలం తెల్లవారుజామున పొగమంచు పడుతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగికి జనం ఆ చలినీ మంచునీ చూడటానికే వెళ్తారు. గడ్డి మీది నీటిచుక్కలూ మంచే, దారి కనపడనివ్వని తెల్లటి పొగా మంచే, హిమాలయాల మీద ఉండేదీ మంచే. ఒకే మాట అన్నిటికీ సరిపోయింది. మీకు మాత్రం సరిపోదు. ఏ మంచు ఎలాంటిదో చెప్పగలిగితేనే, ఎలా దిగాలో తెలుస్తుంది. మాటలు కావాలా? వంటింట్లోకి వెళ్ళండి.

• బియ్యప్పిండి మంచు: కొత్తగా కురిసిన పొడి మంచు. పడినా దెబ్బ తక్కువ. లోతుగా ఉంటే పొట్టి పలకల ముక్కులు మునిగిపోతాయి. బరువు కొద్దిగా మడమల వైపు ఉంచండి.
• రవ్వ మంచు: కరిగి, మళ్ళీ గడ్డకట్టి, పలుకులుగా మారింది. పలకలు చక్కగా తిరుగుతాయి.
• ఇడ్లీపిండి మంచు: ఎండకి నీరు పట్టిన బరువైన మంచు. నీడలోంచి దీనిలోకి రాగానే పలకలు పట్టేసినట్టు ఆగుతాయి, శరీరం ముందుకి తూలుతుంది. ముందే వేగం తగ్గించుకోండి.
• పటికబెల్లం మంచు: తొక్కిన మంచు రాత్రి గడ్డలుగా బిగుసుకుపోయింది. పలకలు టకటకలాడతాయి. దీని మీద వేగంగా వెళ్ళొద్దు.
• స్టీలు పళ్ళెం మంచు: మెరుస్తూ ఉంటుంది, పలక అంచు దిగదు. దీని మీద తిరగడానికి ప్రయత్నించకండి. పలకల్ని బల్లపరుపుగా ఉంచి మెల్లగా దాటండి. రవ్వ మంచు రాగానే తిరగండి.

6. మిట్టలు, పల్లాలు, చెట్లు

మిట్ట వచ్చినప్పుడు మోకాళ్ళు మడవండి. పల్లం వచ్చినప్పుడు కాళ్ళు చాపండి. కాళ్ళు కిందికీ పైకీ ఆడుతూ ఉండాలి, తల మాత్రం ఒకే ఎత్తులో సాగాలి. తిరగాలంటే మిట్ట నెత్తిన తిరగండి. అక్కడ పలక మధ్యభాగమే మంచుకి తగులుతుంది, రెండు కొసలూ గాలిలో ఉంటాయి కాబట్టి తేలిగ్గా తిరుగుతుంది. ఇలాంటి చోట పొట్టి పలకలే మీకు పెద్ద సాయం.

చెట్ల మధ్యకి పెద్దవాళ్ళు లేకుండా వెళ్ళకండి. వెళ్ళినప్పుడు చెట్టుని చూడకండి, చెట్ల మధ్య ఖాళీని చూడండి. కళ్ళు ఎటు చూస్తే కాళ్ళు అటే పోతాయి.

దారి మొదట్లో ఉన్న గుర్తు చూడండి. ఆకుపచ్చ గుండ్రం తేలిక, నీలం చతురస్రం మధ్యరకం, నల్ల వజ్రం కష్టం. ఈ గుర్తులు ఆ ఒక్క కొండకే లెక్క. ఒక కొండ మీది నీలం, ఇంకో కొండ మీది నలుపంత కష్టంగా ఉండొచ్చు. మీకన్నా కింద ఉన్నవారికే దారి ఇవ్వాలి. ఎక్కడైనా ఆగితే, పైనుంచి వచ్చేవారికి కనిపించేలా పక్కన ఆగండి. మళ్ళీ బయలుదేరే ముందు తల తిప్పి పైకి చూడండి.

సంభాషణ

(అక్క, తమ్ముడు నీలం దారి మధ్యలో, ఒక పక్కగా ఆగారు. కింద దారి రెండుగా చీలుతోంది.)

అక్క: ఎడమవైపు పోదాం రా. అటు మిట్టలు బాగున్నాయి.
తమ్ముడు: అక్కా, నాకు భయంగా ఉంది.
అక్క: ఏం కాదురా. పొద్దున దిగాం కదా!
తమ్ముడు: పొద్దున అక్కడ ఎండ ఉంది. ఇప్పుడు నీడ పడింది. ఆ చెట్ల పక్కన చూడు, ఎలా మెరుస్తోందో.
అక్క: (చెయ్యి కళ్ళకి అడ్డం పెట్టుకుని) అవును. స్టీలు పళ్ళెంలాగా ఉంది.
తమ్ముడు: జారితే ఆగడానికి చోటు కూడా లేదు. కింద అంతా చెట్లే.
అక్క: సరే, కుడివైపు పోదాం. అటు ఎండ ఉంది, వెడల్పుగా కూడా ఉంది. నువ్వు ముందు వెళ్ళు, నీ వెనక నేనొస్తా.
తమ్ముడు: నేను పిరికివాణ్ణని ఇంటికెళ్ళాక అందరికీ చెప్పవు కదా?
అక్క: ఎందుకు చెప్తాను? నేను చూడనిది నువ్వు చూశావు. అదే చెప్తాను.

గమనించండి: తమ్ముడు "భయంగా ఉంది" అని ఊరుకోలేదు. ఎందుకో చెప్పాడు. నీడ, మెరుపు, ఆగే చోటు: మూడు కారణాలు. కారణం తెలిసిన భయం కొండ మీద మంచి తోడు. మీ తోటివారు ఎవరైనా ఈ మాట అంటే నవ్వకండి. ఆగి, వాళ్ళు చూపించిన వైపు చూడండి.

భాషా విశేషం: "-గా"

ఈ పాఠంలో "-గా" చేరిన మాటలు చాలా వచ్చాయి.

నునుపు + గా = నునుపుగా
నిలువు + గా = నిలువుగా
అడ్డం + గా = అడ్డంగా
వేగం + గా = వేగంగా

ఒక పని ఎలా జరిగిందో ఈ మాటలు చెబుతాయి: అక్క వేగంగా దిగింది. తమ్ముడు అడ్డంగా ఆగాడు.

మన శరీరానికీ మనసుకీ అనిపించేది చెప్పేటప్పుడు చాలాసార్లు "నేను" కాదు, "నాకు" వస్తుంది.

✓ నాకు భయంగా ఉంది.
✗ నేను భయంగా ఉన్నాను.

రెండో వాక్యం వింటే, మిమ్మల్ని చూసి ఎదుటివాళ్ళే భయపడాలేమో అనిపిస్తుంది! అలాగే: నాకు చలిగా ఉంది. తమ్ముడికి నీరసంగా ఉంది. అక్కకి సంతోషంగా ఉంది.

కొత్త పదాలు

వాలు: ఒక పక్కకి దిగుతూ ఉండే నేల
ఏటవాలు: బాగా దిగుడుగా ఉండే వాలు
మిట్ట: చుట్టూ ఉన్న నేలకన్నా ఎత్తైన చోటు
పల్లం: చుట్టూ ఉన్న నేలకన్నా లోతైన చోటు
గతుకు: దారిలో ఎగుడుదిగుడు
సాపు: ఎత్తుపల్లాలు లేకుండా సమంగా ఉండటం
తూలడం: నిలదొక్కుకోలేక ఒక పక్కకి ఒరగడం
వాయవ్యం: ఉత్తరానికీ పడమరకీ మధ్య ఉన్న దిక్కు

అభ్యాసం

అ. జవాబులు రాయండి.
1. పార్కులో మిట్టకీ, కొండ మీది మిట్టకీ తేడా ఏమిటి?
2. రైతు వాలుకి అడ్డంగా ఎందుకు దున్నుతాడు? దాని నుంచి స్కీబోర్డు నేర్చుకునేవారు ఏం తెలుసుకోవచ్చు?
3. స్కీబోర్డుల బైండింగుల గురించి ఏమని అడగాలి? ఎందుకు?

ఆ. ఖాళీలు పూరించండి.
1. మిట్ట వచ్చినప్పుడు మోకాళ్ళు ________, పల్లం వచ్చినప్పుడు కాళ్ళు ________.
2. చెట్టుని కాదు, చెట్ల మధ్య ________ చూడాలి.
3. మనకన్నా ________ ఉన్నవారికి దారి ఇవ్వాలి.

ఇ. తప్పులు సరిచేయండి.
1. నేను చలిగా ఉన్నాను.
2. చెల్లి ఆకలిగా ఉంది.
3. నేను భయంగా ఉన్నాను, కాసేపు ఆగుదాం.

ఈ. మీరైతే ఏం చేస్తారు? మీ స్నేహితులు నల్ల వజ్రం దారిలోకి రమ్మంటున్నారు. మీరు ఇంతవరకు నీలం దారిలోనే దిగారు. వాళ్ళతో ఏమంటారు? కనీసం రెండు కారణాలు చెబుతూ నాలుగు వాక్యాలు రాయండి.

ఇంటిపని

అమ్మమ్మకో, నానమ్మకో, తాతయ్యకో ఫోన్ చేయండి. మీరు చూసిన ఒక మంచుకొండ గురించి చెప్పండి. కొండకి వెళ్ళకపోతే మీ ఇంటి ముందు పేరుకున్న మంచు గురించైనా సరే. మంచు ఎలా ఉందో వంటింటి మాటల్లోనే చెప్పాలి. తర్వాత వాళ్ళని అడగండి: "మీ ఊళ్ళో పొలం ఎటు వాలుగా ఉండేది? వాననీళ్ళు ఎటు పారేవి?" వాళ్ళు చెప్పిన మాటల్లో మీకు కొత్తవి మూడు రాసుకుని, వచ్చే తరగతికి తీసుకురండి.