బావినీరును నల్లానీరును: అంగడి లెక్కలనుగూర్చి యొక పాఠము

విద్యార్థులారా! మన పాతబస్తీయందలి కొన్ని ప్రాచీనగృహముల యంగణములలో నేటికిని బావులు కానవచ్చును. ఒకప్పుడు ఇంటివారికి కావలసిన నీరంతయు నా బావినుండియే వచ్చెడిది. బావి త్రవ్వించుట, పూడిక తీయించుట, గిలకను త్రాటిని బాగుచేయించుట, ఇవన్నియు గృహయజమానుని పనులే. 1908 వ సంవత్సరమున మూసీనది వఱద నగరమును ముంచెత్తిన పిమ్మట, 1920 లో ఉస్మాన్‌సాగరమును, 1927 లో హిమాయత్‌సాగరమును నిర్మింపబడెను. గండిపేట నీరు గొట్టములగుండ నిండ్లకు రాసాగెను. తోడు శ్రమ తగ్గెను. కాని నల్లా మనయింట నున్నను నీరు మన యధీనమున లేదు. వేఱొకరు విడిచినప్పుడే వచ్చును. అందుచేతనే మన తల్లులు నల్లా వచ్చినంతనే కడవలు నింపి యుంచుకొందురు. ఈ చిన్న యలవాటునందు గొప్ప వివేకము గలదు.

ఈ వ్యాసమున మేము చెప్పబూనినది నీటినిగూర్చి కాదు, అంగడి లెక్కలనుగూర్చి. మీలో పెక్కుమంది తండ్రులు వర్తకులు. వారి లెక్కలిప్పుడు పుస్తకములను విడిచి, ఇంటర్నెట్టు ద్వారమున నద్దెకు దొరకు సాఫ్ట్‌వేర్ సేవలలోనికి పోవుచున్నవి. ఈ మార్పువలని మేలెట్టిదో, అందు జాగ్రత్త యేదియో తెలిసికొనుట మీకును, మీ తలిదండ్రులకును నావశ్యకము.

లెక్కపుస్తకపు మూడు రూపములు

వర్తకమునకు లెక్కయే ప్రాణము. సరకెంత వచ్చెను, ఎంత పోయెను, ఎవ్వరెంత బాకీ, సర్కారునకు చెల్లింపవలసిన పన్నెంత, అను నీ నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పలేని వర్తకుడు కన్నులు మూసికొని నడచువానివంటివాడు. మన పెద్దలు చిట్టా, ఆవర్జాలలో నీ లెక్కలను వ్రాసిరి. చిట్టా యనగా దినదినమును జరిగిన జమాఖర్చులను వరుసగా వ్రాయు పుస్తకము. ఆవర్జా యనగా నొక్కొక్కరి ఖాతాను వేఱువేఱుగా చూపునది. ఇది మొదటి రూపము.

రెండవ రూపమున వర్తకుడొక కంప్యూటరును, లెక్కల సాఫ్ట్‌వేరును కొని దుకాణముననే పెట్టుకొనును. 1986 లో బెంగళూరున మొదలైన టాలీ సంస్థ సాఫ్ట్‌వేర్ ఇందులకు మన దేశమున మిక్కిలి ప్రసిద్ధము. ఇది ఇంటి బావివంటిది. యంత్రము మనది, లెక్క మనది. చెడినచో బాగుచేయించుకొను భారమును మనదే.

మూడవ రూపము నల్లావంటిది. సాఫ్ట్‌వేరును కొనవలసిన పని లేదు. దానిని నడపు సంస్థ తన సర్వరులలో నుంచుకొనును. మనము నెలకో, యేడాదికో యింతయని యద్దె చెల్లించి, ఫోనులోనో కంప్యూటరులోనో పాస్‌వర్డు వేసి తెఱచుకొందుము. అమెరికా దేశమున 1999 లో స్థాపింపబడిన సేల్స్‌ఫోర్స్ సంస్థ యీ పద్ధతిని ప్రసిద్ధికి తెచ్చిన వారిలో ముఖ్యమైనది. 2006 నుండి అమెజాన్ సంస్థ కంప్యూటరుశక్తినే యద్దె కిచ్చుట కారంభించెను. మన పొరుగున చెన్నపట్టణమునందలి జోహో సంస్థ 2011 లో అంగడి లెక్కలకై జోహో బుక్స్ అను సేవను నెలకొల్పెను.

ఇట్టి సేవలకు ‘క్లౌడ్’, అనగా మేఘము, అని వాడుకపేరు. ఆ పేరు విని లెక్కలాకాశమున తేలుచున్నవని తలంపరాదు. అవి భూమిమీదనే, రాత్రింబవళ్లు చల్లబఱుపబడు పెద్ద కట్టడములలో, వేలకొలది కంప్యూటరులయందున్నవి. 2022 నవంబరులో అమెజాన్ సంస్థ మన హైదరాబాదు ప్రాంతముననే యట్టి కేంద్రముల సముదాయమును తెఱచినది.

ఒకే సాఫ్ట్‌వేరును వేలకొలది వర్తకులు వాడుకొనుచుండగా నొకరి లెక్క వేఱొకరికి కనబడదా యని మీరడుగవచ్చును. పత్తర్‌గట్టి కమానులను తలంచుకొనుడు. ఒకే రాతికట్టడము, ఒకే కప్పు. అయినను ప్రతి దుకాణమునకు దాని తలుపు, దాని తాళము. కప్పు నొకసారి బాగుచేసిన నందఱికిని మేలు. కాని తన తాళమును సరిగా వేసికొనుట యెవరి పని వారిదే.

పత్తర్‌గట్టిలో మేము చూచినది

ఈ సంగతిని కన్నులార చూపుటకై మేమొక సాయంకాలము పదవతరగతి విద్యార్థులను పత్తర్‌గట్టియందలి యొక ముత్యాల దుకాణమునకు తీసికొనిపోయితిమి. యజమాని మమ్ము నాదరముతో కూర్చుండబెట్టి, తన తాతగారి యెఱ్ఱయట్ట పుస్తకమును మొదట చూపెను. పిదప తన ఫోనును చూపెను.

మా యెదుటనే యొక ముత్యాల హారము 20,000 రూపాయలకు అమ్మబడెను. ముత్యములపై పన్ను నూటికి 3 చొప్పున 600 రూపాయలు. అందు 300 కేంద్రమునకు, 300 రాష్ట్రమునకు. యజమాని హారపు సంఖ్యను నొక్కినంతనే బిల్లు తయారయ్యెను. నిల్వలో నొక హారము తగ్గెను. పన్ను తనంత లెక్కింపబడెను. కొన్నవారు యూపీఐ ద్వారా చెల్లించిరి. ఆ క్షణముననే, ఇంటివద్దనున్న ఆయన భార్య తన ఫోనులో నా యమ్మకమును చూడగలిగెను. 2017 జూలై 1 న జీఎస్టీ యమలులోనికి వచ్చినప్పటినుండి పన్నులెక్కలు ఇంటర్నెట్టు ద్వారముననే దాఖలు చేయవలసియున్నది గనుక, ఇట్టి సేవ చిన్న వర్తకునకు గొప్ప సహాయము.

“మఱి మీకెన్నడును కష్టము కలుగలేదా?” యని యొక బాలుడడిగెను. యజమాని నవ్వి, “కలిగినది నాయనా, ఆ తప్పు నాదే” యని యీ సంగతిని చెప్పెను.

ఆయన మొదట నీ సేవలో చేరినప్పుడు, తనకు తీరిక లేక, ఖాతాను దుకాణపు గుమాస్తా ఫోను నంబరుతో తెఱపించెను. గుమాస్తా నమ్మకస్థుడే. రెండేండ్ల పిమ్మట నతడు బ్రతుకుతెరువునకై గల్ఫుదేశమునకు పోయెను. పాత నంబరును వదలుకొనెను. ఒకనాడు సేవవారు భద్రతకై మరల ఓటీపీ నడిగిరి. ఆ ఓటీపీ ఎవరికిని చేరని నంబరునకు పోయెను. ఖాతా తెఱచుకొనలేదు. తానే యజమానుడనని కాగితములు పంపి ఋజువు చేసికొనుటకు పదునొకండు దినములు పట్టెను. ఈలోపల పన్నుపత్రము దాఖలు చేయవలసిన 20 వ తేదీ దగ్గఱపడెను. ఆలస్యమైనచో దినమునకు 50 రూపాయల రుసుమును, పన్నుపై వడ్డీయు పడును. అంతకంటె నెక్కువగా, ఎవరెంత బాకీ యున్నారో యాయన కప్పుడు తెలియదు.

ఆయనను గట్టెక్కించినది తొమ్మిదవతరగతి చదువు నాయన కుమార్తె. ఆమె ప్రతి శనివారమును, తండ్రి చెప్పకయే, ఆ వారపు అమ్మకములను బాకీలను పట్టికగా దింపి యింటి కంప్యూటరులో దాచుచుండెను. ఏలయని యడుగగా, “అమ్మమ్మ నల్లా వచ్చినప్పుడెల్ల కడవ నింపును గదా!” యనెనట. ఆ పట్టికలను, చివరి దినముల కాగితపు బిల్లులను కలిపి సకాలమున పన్ను చెల్లింపబడెను. ఈ మాట చెప్పునప్పుడు తండ్రి కంఠము గద్గదమయ్యెను. మా విద్యార్థులును నిశ్శబ్దముగా నుండిరి.

మేలును కీడును

ఈ సేవలవలని మేలును తక్కువగా నెంచరాదు. మొదటనే పెద్దసొమ్ము పెట్టనక్కఱలేదు. నెలకు 500 రూపాయల యద్దె యనుకొందము; ఏడాదికి 6,000, ఆఱేండ్లకు 36,000. సొంత యంత్రమైనచో దాని వెలయు, మరమ్మతును, దానిని చూచుకొనువాని జీతమును కలిపి పోల్చవలెను. దుకాణమున యంత్రము చెడినను, వానకు తడిసినను, లెక్క చెడదు. పన్నురేటు మాఱినచో సాఫ్ట్‌వేరును సంస్థవారే మార్తురు.

కాని నల్లా కట్టుపడు సమయములును గలవు. 2021 అక్టోబరు 4 న వాట్సాప్ ప్రపంచమంతటను సుమారాఱు గంటలపాటు నిలిచిపోయెను. 2024 జూలై 19 న క్రౌడ్‌స్ట్రైక్ అను భద్రతాసంస్థ దూరమునుండి పంపిన యొక తప్పు మార్పువలన సుమారు 85 లక్షల కంప్యూటరులు పనిచేయకపోయెను. ఆ దినమున మన శంషాబాదు విమానాశ్రయమున ప్రయాణికులకు చేతితో వ్రాసిన బోర్డింగు పాసుల నిచ్చిరి. కలము పట్టుట మఱచినవారికి ఆనాడు పని సాగియుండదు. 2025 జూలైలో ఐరోపా సమాఖ్య యాంక్షల పిమ్మట మైక్రోసాఫ్ట్ సంస్థ నయారా ఎనర్జీ యను మన దేశపు చమురుసంస్థకు సేవలను నిలిపివేసెను. నయారావారు ఢిల్లీ హైకోర్టు నాశ్రయించిరి. కొన్ని దినములలో సేవలు మరల లభించెను. అద్దె చెల్లించినంత మాత్రమున తలుపెల్లప్పుడును తెఱచియుండునని నమ్మరాదని దీనివలన తెలియుచున్నది.

మఱియొక సంగతి. జీఎస్టీ చట్టము ప్రకారము వర్తకుడు తన లెక్కలను, వార్షికపత్రము దాఖలు చేయవలసిన గడువునుండి 72 నెలలు భద్రపఱుపవలెను. సేవకు అద్దె కట్టుట మానిన దినమున లెక్కలెక్కడ నుండును? సంస్థయే మూతపడిన నేమగును? అధికారి యడిగినప్పుడు “అద్దె ముగిసినది” యను జవాబు చెల్లదు. లెక్కను వేఱొకరి యింట నుంచవచ్చును గాని, బాధ్యతను వేఱొకరి యింట నుంచలేము.

పాటింపవలసిన నియమములు

ఒకటి: ఖాతాను యజమాని పేరను, యజమాని ఫోను నంబరుతోను, ఈమెయిలుతోను తెఱువవలెను. దుకాణపు తాళపుచెవిని పరుల యింట నుంచము గదా!

రెండు: పనివారికి వేఱువేఱు పాస్‌వర్డుల నిచ్చి, ఎవరి పనికి కావలసినంత మాత్రమే వారికి తెఱచి యుంచవలెను. పని మానినవాని ప్రవేశము నాడే మూయవలెను. పాస్‌వర్డు, ఓటీపీ ఎంత మర్యాదగా నడిగినను పరులకు చెప్పరాదు.

మూడు: వారమున కొకసారియైన లెక్కల ప్రతిని దింపి, ఒకటి యింటి కంప్యూటరులోను, ఒకటి వేఱుచోట పెన్‌డ్రైవులోను దాచవలెను. దాచిన ప్రతి తెఱచుకొనుచున్నదో లేదో యప్పుడప్పుడు చూడవలెను. ఓటికడవలో నింపిన నీరు దాహమునకు రాదు.

నాలుగు: సేవలో చేరకముందే వెలికి వచ్చు దారి నడుగవలెను. “మేము మానుకొన్నచో మా లెక్కలను ఇతర సాఫ్ట్‌వేరులు చదువగల సాధారణ పట్టికలుగా నిత్తురా?” యను ప్రశ్నకు సరియైన జవాబు రానిచో నా సేవ వలదు.

అయిదు: గల్లాపెట్టెలో నొక బిల్లుపుస్తకమును, కలమును సిద్ధముగా నుంచవలెను.

విద్యార్థులారా! ఫోను వాడుకలో మీరు పెద్దలకంటె చుఱుకైనవారు. వర్తకపు మంచిచెడ్డలలో పెద్దలు మీకంటె తెలిసినవారు. ఈ రెండు తెలివులును ఒక యింట కలిసినప్పుడే లెక్క భద్రము. కావున ఈ శనివారము మీ తండ్రిగారి ప్రక్కను కూర్చుండి, “మన లెక్కల ప్రతి మనయొద్ద నున్నదా?” యని యొక్కమాట యడుగుడు. లేదన్నచో నాడే దింపి యిండు. కొన్ని నిమిషముల పనియే. తాతల యెఱ్ఱయట్ట పుస్తకమును పెట్టెలో నెంత జాగ్రత్తగా దాచిరో, మీరు దింపిన ప్రతిని నంత జాగ్రత్తగా దాచుడు. గండిపేట నీరు ప్రతిదినమును వచ్చుగాక! అయినను మన కడవ నిండియుండవలెను.